అటక మీద బాలింత

మచిలీపట్నం, ఇనుగుదురుపేట. పెంకుటింటి అరుగు మీద ఇంటి పెద్ద నూర్ బీ. ఎదురుగా కుర్చీలో, ఫోను పట్టుకుని, ఇళ్ళ లెక్కకు వచ్చిన టీచరు శ్రీలేఖ. పగలు పన్నెండు కావస్తోంది.

"పదిమందేమిటండీ నూర్ బీ గారూ? ఇప్పుడేగా ఆరు పేర్లు చెప్పారు."

"పేర్లున్నవాళ్ళు ఆరుగురు, టీచరమ్మా. పేర్లు లేనివాళ్ళు నలుగురు."

"పేర్లు లేకపోవడమేంటి? చంటిపిల్లలా?"

"ముగ్గురు చంటివాళ్ళే. ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్నారు. నాలుగోది వాళ్ళమ్మ."

"అయ్యో, ఇంట్లో బాలింతుందా! మరి చెప్పరేం? మీ కోడలు హీనా గారేనా?"

"హీనా కాదులే. దానికి ఇద్దరాడపిల్లలు, బడికెళ్తున్నారు. చెప్పానుగా."

"మరి ఈవిడ? మీ అమ్మాయా?"

"నాకు అమ్మాయిల్లేరు. వసీం, చాంద్, ఇద్దరూ మగాళ్ళే. ఈవిడ... అద్దెకుంటోందనుకో."

"అద్దెకైతే విడిగా రాయాలండీ. వంట మీతో కలిపా, వేరా?"

"వంటా? ఆ అలవాటు లేదు తనకి. నేను రెండు అరటిపళ్ళు పెడతాను. మిగతాది బయట చూసుకుంటుంది."

"బాలింతకి రెండు అరటిపళ్ళా!"

"బొప్పాయి కూడా పెట్టా మొన్న."

"బొప్పాయి! బాలింతకి! సర్లెండి, నాకెందుకు. భర్త పేరు?"

"వాళ్ళలో మగాళ్ళు కాపురం చెయ్యరమ్మా. వచ్చాడు, వెళ్ళాడు. అంతే."

"పాపం. ఒకసారి పిలవండి, నేను మాట్లాడతాను. రాయడానికి వివరాలు కావాలి."

"పగలు లేపకూడదు. పొద్దుగూకితే గానీ లేవదు."

"నైట్ డ్యూటీనా?"

"ఆఁ, అదే. చీకటి పడగానే వెళ్తుంది, తెల్లారేసరికి వచ్చేస్తుంది."

"పసిపిల్లల్ని వదిలేసి! ఇప్పుడెక్కడ పడుకుంది?"

"పైన. అటక మీద."

"ఏంటీ? పచ్చి బాలింతని, ఈ ఎండల్లో, పెంకుల కింద అటక మీద పడుకోబెట్టారా? నూర్ బీ గారూ, మిమ్మల్ని చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు, ఇదేం పనండీ?"

"నేను పడుకోబెట్టలేదమ్మా, అదే ఎక్కింది. నిచ్చెన కూడా అడగలేదు."

"నిచ్చెన లేకుండా బాలింత అటకెక్కిందా!"

"అట్లా చూడకు. దానికి తోకుంది."

"తోకా?"

"మూరెడు తోక. మానుపిల్లి అది."

"పిల్లా! ఇంతసేపూ నేను భర్త పేరు అడిగింది పిల్లికా!"

"పిల్లి కాదు, మానుపిల్లి. మొహం మీద నల్ల పట్టీ, ముంగిసలాంటి మూతి. చెట్ల మీద ఉంటుంది. నవ్వొస్తే నవ్వెయ్యమ్మా, ఆపుకోకు. నవ్వాకే రాసుకో."

"ఏం రాసుకోనండీ! యాప్‌లో మనుషులకే గడి ఉంది."

"పేరు కింద నూర్ బీ గారి మనుషులు అని రాయి. ఎవరొచ్చి చూస్తారు?"

"మా సూపర్‌వైజర్ చూస్తారు. మా ఆయన కూడా చూస్తారు, ఉద్యోగం పోయాక. అసలు దాన్ని లెక్కలో రాయిస్తే మీకేం వస్తుంది?"

"నాకేం రాదు. దానికి వస్తుంది. పోయినసారి కాలవ గట్టు రోడ్డు వెడల్పు చేశారు గుర్తుందా? ముందొక సర్వే చేశారు. సర్వేలో పేరున్నవాళ్ళకి వేరే చోట జాగా ఇచ్చారు. ఆ రోజు ఊళ్ళో లేనివాళ్ళకి, పేరు ఎక్కనివాళ్ళకి, సామాను తీసుకెళ్ళమని ఒక పూట టైమిచ్చారు. అప్పుడు తెలిసింది నాకు. గవర్నమెంటు కాగితం మీద ఉంటేనే మనిషి. లేకపోతే ఎంత మనిషైనా పిల్లే."

"అది మనుషుల సర్వే అండీ."

"దీనికీ ఒక పూటే టైముంది. అందుకే అడుగుతున్నా."

"ఎందుకని?"

"రేపు పొద్దున్న ఏడింటికి తాపీమేస్త్రి గోపి వస్తున్నాడు. ఈ పెంకులన్నీ విప్పేస్తారు. పైన స్లాబు, దాని మీద ఇంకో రెండు గదులు. మా చాంద్‌కి గుడివాడ సంబంధం కుదిరింది, నీలోఫర్ అని. బక్రీద్ వెళ్ళాక నిఖా. కొత్త కోడలికి గది కావాలిగా."

"కావాలండీ మరి."

"కావాలి, కాదనను. కానీ ఆ పసికూనలు? నలుగురు కూలీలు దూలాల మీదెక్కి పెంకులు ఊడదీస్తుంటే, అవేం చేస్తాయి? కింద పడతాయి. లేకపోతే తల్లి భయపడి పారిపోతుంది, అవి ఆకలికి పోతాయి. నాకు మూడు రోజుల నుంచి నిద్ర లేదు, తెలుసా?"

"మీ అబ్బాయికి చెప్పండి."

"వసీంకా! వాడికి బల్లి కనబడితే భార్యని పిలుస్తాడు. అటక మీద మానుపిల్లి అంటే ఇవాళే మనుషుల్ని పిలిచి పొగ పెట్టిస్తాడు. పైగా వాడు నా ముందు ఊఁ అంటాడు, పక్కకెళ్ళి గోపికి ఫోన్ చేస్తాడు. తల్లి మాట ఈ చెవిలోంచి ఆ చెవిలోకి. నువ్వు గవర్నమెంటువి. నీ మాటైతే వింటాడు."

"నేను హైస్కూల్లో సోషల్ టీచర్నండీ. నా మాట ఎనిమిదో తరగతే వినదు. సర్లెండి, ముందు నా ప్రశ్నలు కానివ్వండి. పైకప్పు దేనితో?"

"పెంకులు."

"ఈ పేటలో నా కింద నూట అరవై ఇళ్ళొచ్చాయి. పెంకులు అని కొట్టడం ఇదే మొదటిసారి."

"రేపు ఈ పాటికి అదీ ఉండదు. ఇవాళ వచ్చావు కాబట్టి సరిపోయింది."

"ఎప్పుడొచ్చింది ఇది? మానుపిల్లి?"

"ఆరు రోజులైంది. మొదట నేను చూడలేదు. మొదట వాసనొచ్చింది. తెల్లవారుజామున నమాజుకి లేస్తే ఇల్లంతా బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన. ఏంటీ, హీనా మనకి తెలీకుండా బిర్యానీ చేసుకుంటోందా అనుకున్నా. మర్నాడూ అంతే. మూడో రోజు ఆగలేక అడిగేశా, ఏమ్మా, మాకు పొద్దున్న ఇడ్లీ పెట్టి నువ్వు చీకట్లో బిర్యానీ తింటున్నావా అని. అది ఏడ్చిందమ్మా! వసీం కూడా దాన్నే అన్నాడు."

"వాసనకి, దీనికి ఏం సంబంధం?"

"అది దాని ఒంటి వాసన. మానుపిల్లి తిరిగిన చోట అచ్చం ఉడుకుతున్న సువాసన బియ్యంలా ఉంటుంది. నేను పుట్టింది కోడూరులో. చిన్నప్పుడు మా తాటిచెట్ల నిండా ఇవే. కల్లుకుండలో మూతి పెట్టి తాగేసి, గట్టు మీద తూలుతుంటే మేం వెనక పడి నవ్వేవాళ్ళం. ఎన్నేళ్ళో అయింది, ఆ వాసనే మర్చిపోయా. నాలుగో రోజు ఎందుకో గుర్తొచ్చి అటకెక్కి చూశా."

"ఈ వయసులో అటకెక్కారా!"

"మోకాలు ఇంకా తిడుతోంది నన్ను. పాత దుప్పట్ల మూటలో ముగ్గురు. గుప్పెడంత. నన్ను చూసి ఆ తల్లి పళ్ళు చూపించింది గానీ మీదికి రాలేదు. నేనూ ఇద్దరు పిల్లల తల్లినేగా, దానికి తెలిసిపోయినట్టుంది."

"హీనా గారికి చెప్పారా?"

"చెప్పి, సారీ కూడా చెప్పా. అరటిపళ్ళు తెచ్చేది అదే ఇప్పుడు. వసీంకి మాత్రం తెలీదు. పాపం ఇప్పటికీ బాస్మతి సంచి తూకం చూసుకుంటున్నాడు."

"భలేవారండీ మీరు. సరే, మంచినీళ్ళు? కుళాయేగా. గ్యాస్ ఉంది. టీవీ ఉందా?"

"మూడు."

"ఉందా లేదా చెబితే చాలండీ. ఫ్రిజ్?"

"మూడు. నాలుగోది ఎల్లుండొస్తుంది."

"ఉందా, లేదా అనే అడుగుతుంది యాప్. ఎన్ని అని అడగదు."

"అదేం లెక్కమ్మా! మనిషిని ఎంతమంది అని అడుగుతారు, ఫ్రిజ్‌ని ఉందా లేదా అని అడుగుతారా? తిప్పి అడగాలి. మనుషులు మా ఇంట్లో ఆరుగురే, పెరిగింది ఏముంది? సామాను చూడు, ఇరవైమందిది!"

"అంత సామానెందుకు మీకు?"

"మా వసీం కోనేరు సెంటర్ దగ్గర ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే షోరూములో మేనేజరు. స్టాఫ్‌కి తగ్గింపు. తగ్గింపు అంటే మావాడికి ఆగదు. పాతది పారెయ్యడు, కొత్తది ఆపడు. బయట వాడికి పేరేంటో తెలుసా, పిల్లికి బిచ్చం పెట్టడని! కూలర్ కొనడానికి మాత్రం చెయ్యి ముందుంటుంది."

"మా ఇల్లూ అంతేలెండి. రెండు మిక్సీలు, ఒక్కటీ తిరగదు."

"ఈ పిల్లికి తాటితోపు చాలమ్మా. ఒక తొర్ర, నాలుగు పళ్ళు, రాత్రికో ఎలక. అది కూడా మనకే కావాల్సొచ్చింది."

"ఏ తాటితోపు?"

"ఆ తూర్పు వైపు. పాత రైసుమిల్లు, దాని వెనక తోపు. పోర్టు వస్తోందని స్థలాలు కొండెక్కాయిగా. తోపు పోయింది, తర్వాత మిల్లూ పోయింది, ఫ్లాట్లు లేచాయి. చెట్లు పోయినా పాపం ఇన్నాళ్ళూ ఆ చుట్టుపక్కలే ఎక్కడో నక్కినట్టుంది. అక్కడ్నుంచే పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కటే తెచ్చింది. ఎదురింటి వీరదుర్గ మేడ మీద పడుకుని చూసిందట. ఒక రాత్రి మూడు సార్లు తిరిగింది."

"మూడు సార్లు."

"మూడు సార్లు తెచ్చింది. నాలుగోసారి వెళ్ళి ఖాళీగా వచ్చింది."

"ఖాళీగా వచ్చిందంటే?"

"ఇంకొకటి ఉండే ఉంటుంది. లేకపోతే రోజూ ఎందుకు వెళ్తుంది? పొద్దుగూకగానే పిల్లలకి పాలిచ్చి తిన్నగా ఆ ఫ్లాట్ల వైపే వెళ్తుంది. ఎంతసేపో అక్కడే గోడల మీద తిరుగుతుందట. వచ్చి ఈ కప్పు కొస మీద కూర్చుని అరుస్తుంది చూడూ... పిల్లి అరుపులా ఉండదు, ఎవరో మూలిగినట్టుంటుంది. ఆ నాలుగోది పోయి ఉంటుందిలే. దానికి ఎవరు చెబుతారు? ఏంటమ్మా, టిక్కులు కొట్టడం ఆపేశావు? ఫోన్ ఆగిపోయిందా?"

"లేదండీ. ఏ ఫ్లాట్లు? నీలం రంగు గేటువా?"

"అవే. ఐదంతస్తులు. ఏం?"

"ఏం లేదు. నూర్ బీ గారూ, గదులెన్ని మీ ఇంట్లో?"

"మంచినీళ్ళు కావాలా? మొహం అదోలా పెట్టావు."

"వద్దండీ. గదులు. సరిగ్గా చెప్పండి. నేను లోపలికొచ్చి చూడొచ్చా?"

"ఇంతసేపూ అరుగు మీద కూర్చుని టిక్కులు కొట్టావు, ఇప్పుడు చూడాలా?"

"చూడాలి. ఒక్కో గదీ చూడాలి."

"అదిగో, మావాడే వస్తున్నాడు. వాడినే అడుగు. టీచరమ్మా, పైన ఉన్నవాళ్ళ సంగతి..."

"నాకొదిలెయ్యండి."

"అమ్మీ, అన్నం పెట్టు, రెండింటికల్లా వెళ్ళాలి. ఓ, నమస్తే మేడమ్! ఇళ్ళ లెక్కా? నా పేరు వసీం. అన్నీ అయిపోయాయా?"

"నమస్తే అండీ. ఒక్కటే మిగిలింది. ఉండటానికి గదులెన్ని?"

"నాలుగు రాసుకోండి."

"ఆరు, వసీం. ఆరున్నాయి కదరా."

"అమ్మీ, ఆ రెండూ గదులు కావు. స్టోర్లు. నాలుగే మేడమ్. ఒకటి మాది, ఒకటి పిల్లలది, ఒకటి అమ్మది, ఒకటి హాలు. మా తమ్ముడు చాంద్ హాల్లో పడుకుంటాడు. అందుకే రేపట్నుంచి పైన కడుతున్నాం. ఇల్లు ఇరకటం అయిపోయింది."

"ఆ రెండిటికీ తలుపులున్నాయా?"

"ఉన్నాయి."

"కిటికీలు?"

"ఉన్నాయి."

"మనిషి నిలబడేంత ఎత్తుందా?"

"ఎత్తుంది మేడమ్. నిలబడటానికి చోటే లేదు."

"అయితే గదులే. చూపిస్తారా?"

"చూడ్డానికేముంది మేడమ్ అందులో? సర్దలేదు కూడా..."

"చూపించరా! గవర్నమెంటు అడుగుతోంది, పరదా ఏంటి?"

"సరే, రండి. ఇది మొదటిది. ఒక్క నిమిషం. తలుపు కొంచెం గట్టిగా తొయ్యాలి."

"తెరుచుకోవట్లేదేం?"

"లోపల ఫ్రిజ్ అడ్డం."

"ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా?"

"ఇది పాతది. చల్లబడదు. గ్యాస్ కొట్టిస్తే పనికొస్తుంది. దాని వెనకది బాగానే ఉంది, కలర్ నచ్చలేదు హీనాకి."

"నాకు నచ్చలేదని ఎప్పుడన్నాను అని వంటింట్లోంచి అరుస్తోంది విను, నీ పెళ్ళాం."

"అమ్మీ, నువ్వు మధ్యలో... మేడమ్, జాగ్రత్త, కూలర్ రెక్క. ఈ కూలర్లు మూడూ ఒక్కొక్క సీజన్‌వి. అది ట్రెడ్‌మిల్."

"బట్టలు ఆరేశారే దాని మీద."

"వానాకాలం పనికొస్తుందని."

"ఇది ఏంటండీ, గోడకి గుచ్చారు, నీలం లైటు?"

"అది ఎలకల మెషీన్ మేడమ్! మనకి వినబడని సౌండు వస్తుంది, ఎలకలు పారిపోతాయి. చాలామంది నమ్మరు. మా ఇంట్లో వారం రోజుల నుంచి ఒక్క ఎలక లేదు, అడగండి మా అమ్మని."

"ఎలకలు లేని మాట నిజమే."

"చూశారా! మా అమ్మ ఒప్పుకోవడమే గొప్ప."

"మెషీన్ వల్ల కాదులే. తర్వాత చెబుతా."

"రెండో గది చూద్దాం వసీం గారూ."

"అందులో ఏం లేదు మేడమ్."

"ఏం లేకపోతే ఇంకా మంచిది. తియ్యండి."

"మీద పడతాయి, కొంచెం దూరం... ఆఁ. అదే చెప్పేది."

"అమ్మో! ఎన్ని పెట్టెలు! కప్పుదాకా!"

"పట్టుకోండి, పట్టుకోండి, ఏం కాదు, బరువుండవు."

"బరువు లేవేం? ఏమున్నాయి వీటిలో?"

"ఏం లేవు."

"అన్నీ ఖాళీవా?"

"ఖాళీ అట్టపెట్టెలే మేడమ్. టీవీది, ఫ్రిజ్‌లవి, వాషింగ్ మెషీన్‌వి. వారంటీకి పెట్టె కావాలి. పెట్టె లేకపోతే కంపెనీవాడు వంద మాట్లాడతాడు. రోజూ షోరూములో కస్టమర్లకి నేను చెప్పేదే, పెట్టె పారెయ్యకండి అని. నేనే పారేస్తే ఎట్లా?"

"ఈ మిక్సీ పెట్టె మీద రెండువేల పన్నెండు అనుంది."

"ఆ మిక్సీ... ఆ మిక్సీ లేదిప్పుడు."

"మిక్సీ పోయి పెట్టె ఉందా?"

"ఉంది."

"వారంటీ?"

"రెండేళ్ళే."

"నవ్వకండి నూర్ బీ గారూ, నాకూ నవ్వొస్తోంది. వసీం గారూ, ఈ గదికి రెండు కిటికీలు. తూర్పు గాలి. గచ్చు బాగుంది. మనం ముగ్గురం గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నామంటే ఎందుకు? ఇది ఖాళీ అట్టపెట్టెల కాపురం. నేను ఆరు గదులు అని రాస్తున్నాను."

"మేడమ్, మేడమ్, ఒక్క మాట. ఇట్లా రాస్తే పై అంతస్తుకి ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బంది నాది కాదు. మీ తమ్ముడి నిఖాకి గది లేదన్నారు. ఉంది. రేపు పైకప్పు ఎందుకు విప్పుతున్నారో నాకు అర్థం కావట్లేదు."

"అంటే... కొత్త కోడలికి పాత గది ఇస్తే ఏం బాగుంటుంది? గుడివాడ వాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరురా. మొన్న నీలోఫర్ నాతో ఏమంది తెలుసా? పెద్దమ్మా, మీ పెంకుటిల్లు ఎంత చల్లగా ఉందో, మా మేడ మీద గది పెనంలా ఉంటుంది అంది."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అప్పుడు ఏసీ రేట్లు చూస్తున్నావు ఫోన్‌లో."

"అమ్మీ, ఏదో ఉంది. నువ్వూ మేడమూ కలిసి నన్నెందుకు గోడకి నొక్కుతున్నారు? ఏంటి సంగతి?"

"చెప్పండి నూర్ బీ గారూ. ఇప్పుడు చెప్పొచ్చు."

"నువ్వు అరవకూడదు వసీం."

"ఎందుకరుస్తా?"

"ఎగరకూడదు."

"అమ్మీ!"

"పైన అటక మీద మానుపిల్లి పిల్లల్ని పెట్టింది. ముగ్గురు. ఆరు రోజులైంది."

"పైనా? ఇక్కడ పైనా? మన తల మీదా?"

"నీ తల మీద కాదు, నువ్వు అటు జరగకు, పెట్టెలు పడతాయి."

"కరుస్తుందా? ఎగిరి మీద పడుతుందా? పిల్లలు, బడి నుంచి పిల్లలు వచ్చేస్తారు..."

"ఆరు రోజుల నుంచి దాని కిందే పడుకున్నావు. గురక పెట్టి మరీ. ఏం చేసింది నిన్ను?"

"నేను ఇప్పుడే ఎవరికైనా ఫోన్ చేసి..."

"చెయ్యి. పొగ పెట్టించు. వసీం, నువ్వు పుట్టినప్పుడు డెబ్బైఏడు తుపాను ఇంకా అందరి నోటా ఉండేది. ఆ తుపానులో కోడూరులో మా ఇంటి కప్పు లేచిపోయింది. మా అమ్మ నన్ను, తమ్ముణ్ణి చెరో చంకన పెట్టుకుని ఎవరిదో మిద్దె ఎక్కింది. ఎవరి మిద్దో కూడా తెలీదు మాకు. ఆ ఇంటివాళ్ళు దిగమని ఉంటే నేను లేను, నువ్వు లేవు, నీ ఫ్రిజ్‌లూ లేవు. ఇది కూడా చెట్టు పోయి, మిల్లు పోయి, పిల్లల్ని నోట పెట్టుకుని మన కప్పెక్కింది. దిగమని నేను చెప్పలేను. నువ్వు చెబుతానంటే నా ఎదురుగా చెప్పు."

"నేనేమన్నా ఇప్పుడు? భయమేసిందన్నాను, అంతే. నిజంగా ముగ్గురా?"

"గుప్పెడంత ఉన్నారు. ఒకడు నీలాగే, ఎప్పుడూ నోరు తెరిచే ఉంటాడు."

"అంటే అమ్మీ... ఆ బాస్మతి వాసన..."

"దానిదే."

"హీనాది కాదా?"

"కాదు."

"నేను నాలుగు రోజుల నుంచి బియ్యం సంచి తూస్తున్నా!"

"హీనాకి తెలుసు. తూకం వేస్తుంటే తలుపు సందులోంచి చూసి నవ్వుకుంటోంది. ఇవాళ వెళ్ళి సారీ చెప్పు, ఈ ఆదివారం నువ్వే బిర్యానీ వండు."

"వండుతా. ఆ ఎలకల మెషీన్ కూడా..."

"అదీ అంతే."

"రెండువేల ఎనిమిదొందలు!"

"స్విచ్ కూడా వెయ్యలేదు నువ్వు. ఆ నీలం లైటు పక్కనున్న స్టెబిలైజర్‌ది."

"ఇక చాల్లే అమ్మీ, మేడమ్ ముందు."

"వసీం గారూ, మేస్త్రికి ఫోన్ చేస్తారా?"

"చేస్తాను మేడమ్, భోజనం చేసి..."

"ఇప్పుడే. స్పీకర్ పెట్టండి."

"ఇప్పుడేనా? సరే. ఆఁ, గోపీ! రేపు రావద్దు."

"వసీం భాయ్, కూలీలకి చెప్పేశా. నిచ్చెనలు కూడా ఆటోలో ఎక్కించా."

"ఒక్క నిచ్చెన తీసుకురా. పెంకులు తియ్యడానికి కాదు, చెదిరినవి సర్దాలి, అదీ నేను చెప్పినప్పుడు. చప్పుడు చెయ్యకుండా సర్దాలి."

"పెంకులు చప్పుడు చెయ్యకుండానా? మరి పైన గదులు?"

"ఇప్పుడు కాదు."

"ఎప్పుడు భాయ్?"

"పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాం."

"ఎవరి పిల్లలు? చాంద్ పెళ్ళే కాలేదుగా!"

"గోపీ, నువ్వు ఫోన్ పెట్టెయ్. ఆగాగు. ఈ రెండో గదికి సున్నం వెయ్యాలి, లోపల ఒక అలమారా కట్టాలి. దానికి రా. ముందు ఒక లారీ అట్టపెట్టెలు ఉన్నాయి, పాత అట్టలు కొనేవాడెవరైనా తెలిస్తే పంపు. సరేనా? ఉంటా."

"శభాష్ రా! ఇన్నాళ్ళకి నా కొడుకనిపించావు."

"మిక్సీ పెట్టె ఒక్కటి ఉంచుకుంటా అమ్మీ."

"దేనికి?"

"ఊరికే. అలవాటు."

"వసీం గారూ, మాట మార్చరుగా? రెండు నెలలైనా కప్పు ముట్టుకోరుగా?"

"చెప్పాను కదా మేడమ్."

"మీ గోపి మళ్ళీ ఫోన్ చేసి, కూలీలు దొరికారు, సిమెంటు రేటు పెరుగుతోంది అంటే?"

"అన్నా సరే."

"చాంద్ గారు ఒప్పుకోకపోతే?"

"చాంద్ ఒప్పుకుంటాడు, వాడికి పిల్లులంటే ప్రాణం. మేడమ్, ఏమనుకోకండి. పైన పెంకులున్నా స్లాబున్నా మీ ఫోన్‌లో ఒక టిక్కేగా? మా అమ్మ కంటే మీరే ఎక్కువ పట్టుబడుతున్నారేం?"

"నేనూ అదే చూస్తున్నాను రా. ఆ నీలం గేటు ఫ్లాట్ల మాట ఎత్తినప్పట్నుంచీ ఈ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు నవ్వుతూ మనుషులకే గడి ఉందన్నదల్లా, ఆ మాట విన్నాక లేచి నీ గదులన్నీ వెతికింది. నిజం చెప్పమ్మా. మీ ఇల్లెక్కడ?"

"అక్కడేనండీ. ఆ ఫ్లాట్లలోనే, మూడో అంతస్తు. రెండేళ్ళయింది కొనుక్కుని. అక్కడ తాటితోపు ఉండేదని మీరు చెప్పేదాకా నాకు తెలీదు. కొనేటప్పుడు పార్కింగ్ ఉందా, లిఫ్టు ఉందా అని అడిగాను గానీ ఇంతకుముందు ఇక్కడ ఎవరుండేవాళ్ళని అడగలేదు."

"నీ తప్పేముంది తల్లీ. ఎవరడుగుతారు?"

"పోయిన వారం మా అసోసియేషన్ వాళ్ళు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకున్న పాత తలుపులు, కిటికీలు అన్నీ తీయించేశారు. ఏదో జంతువు దూరింది, రోగాలొస్తాయి, కనబడితే కొట్టి పారెయ్యమని వాచ్‌మన్ విల్సన్‌కి చెప్పారు. విల్సన్ కొట్టలేకపోయాడు. తువ్వాల్లో చుట్టి నా గుమ్మం దగ్గరికి తెచ్చాడు."

"ఏం తెచ్చాడు?"

"నూర్ బీ గారూ, మీ కప్పు రేపు కూలిపోతుందంటే చెప్పి ఏం లాభమని ఇందాకట్నుంచి నోరు విప్పలేదు. ఆ నాలుగోది పోలేదండీ. ఆరు రోజులుగా మా వంటింట్లో ఉంది. అమ్మ కోసం అరిచినప్పుడల్లా పక్క ఫ్లాటు వాళ్ళకి వినబడకుండా ఉత్త నీళ్ళు పోసి కుక్కర్ పెట్టి విజిల్స్ వేయిస్తున్నాను."